యూరియా మూట విప్పే ముందు

మా పరగోడు చుట్టుపక్కల శెనక్కాయ చేను పాలిపోతే రైతు చెయ్యి మొదట పోయేది యూరియా మూట మీదికే. ఆకు పసుపు తిరిగిందంటే నత్రజని చాల్లేదనే లెక్క. అంగట్లో అడిగినా అదే మాట, పక్క చేని పెద్దాయన్ను అడిగినా అదే మాట. నేను మట్టి, నీళ్ళు పరీక్ష చేసే పనిలో బతుకు గడిపినవాణ్ణి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకుల బోరు నీళ్ళు సీసాల్లో నా బల్ల మీదికి వచ్చేవి. ఈ నేలల్లో నూనెగింజల పైరుకు నత్రజని ఎంత వెయ్యాలో మట్టికంటే ముందు నీళ్ళే చెప్తాయని ఆ సీసాల దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట రైతులందరికీ చేరలేదు. అందుకే రాస్తున్నాను.

మాది నదులు పుట్టే చోటేగానీ నదులు పారే చోటు కాదు. చిత్రావతి, పాపాఘ్ని, పినాకినులు నందికొండల పక్కన పుట్టి ఆంధ్రకూ తమిళనాడుకూ పోతాయి. ఏడాది పొడుగునా పారేది ఒక్కటీ లేదు. పరగోడు దగ్గర చిత్రావతికి అడ్డంగా కట్టిన ఆనకట్ట నీళ్ళు బాగేపల్లి గొంతు తడపడానికే సరి. సేద్యానికి దిక్కు చెరువులు, అవి ఎండితే బోర్లు. మా తాతల నాటి బావుల్లో ఊరేది ఆ ఏటి వాన నీళ్ళు, పోయినేటి వాన నీళ్ళు. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి తోడుతున్నది రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు. రాయిలో ఉన్న సోడియం, ఫ్లోరైడు, రాయి అరిగేటప్పుడు పుట్టే బైకార్బనేటు అందులో కరిగి ఉంటాయి. ఫ్లోరైడు గురించి మావాళ్ళందరికీ తెలుసు, పంటి మీద మచ్చలు కనిపిస్తాయి గనక. మిగతా రెండూ చేని మీద ఏం చేస్తాయో అంతగా తెలియదు.

నీళ్ళ పరీక్షలో మొదటి పని ఇ.సి. కొలవడం. ఉప్పు ఎంత ఎక్కువుంటే నీళ్ళలో కరెంటు అంత బాగా పారుతుంది, దాన్ని కొలిచేది ఆ మీటరు. రోజూ పొద్దున పొటాషియం క్లోరైడు ద్రావణంలో ముంచి, 1.41 డెసీ సైమన్లు చూపిస్తోందా లేదా సరిచూసుకున్నాకే రైతు సీసా మూత తీసేవాణ్ణి. తర్వాత కార్బనేట్లు, బైకార్బనేట్లు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో. కాల్షియం, మెగ్నీషియం ఇ.డి.టి.ఎ.తో. ఆఖరి చుక్క పడేసరికి ద్రాక్షసారా ఎరుపు పోయి నీలం తిరుగుతుంది. ఆ రంగు మారే చుక్క దగ్గర చెయ్యి తొందరపడిందంటే లెక్క తప్పుతుంది. కార్బనేట్లు, బైకార్బనేట్లు రెండింటి మొత్తంలోంచి కాల్షియం మెగ్నీషియంల మొత్తం తీసేస్తే మిగిలేదే అసలు ముప్పు. అది లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపుంటే భయం లేదు. 2.5 దాటితే ఆ నీళ్ళు మెల్లమెల్లగా నేలను చౌడు చేస్తాయి.

రైతు చేతికి వచ్చే భూసార పత్రంలో ఈ నీళ్ళ సంగతి ఉండదు. 2015లో దేశమంతటా మొదలైన ఆ పత్రం మంచిదే. ఉదజని సూచిక, ఇ.సి., సేంద్రియ కర్బనం మొదలుకొని బోరాన్ దాకా 12 అంశాలు చెప్తుంది. అన్నీ మట్టివే. ఇంకొక చిక్కు కూడా ఉంది. మేము 20 గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇ.సి. చూస్తాం. పుస్తకాల్లో పంటల ఓర్పు గురించి రాసిన అంకెలు అలా తీసినవి కావు. అవి మట్టిని ముద్దయ్యేదాకా తడిపి, ఆ ముద్దలోంచి పిండిన నీళ్ళ అంకెలు. ఆ నీళ్ళలో ఉప్పు చిక్కగా ఉంటుంది గనక మా అంకెకు మూడు నాలుగు రెట్లు వస్తుంది, ఇసుక పాలు ఎక్కువున్న నేలైతే ఇంకా ఎక్కువ. పత్రంలో 0.9 ఉండి, 1 లోపలే కదా, ‘సాధారణం’ అని అచ్చయి ఉంటుంది. అదే నేల శెనక్కాయకు అప్పటికే ఓర్పు హద్దు దాటి ఉండొచ్చు. ఈ సంగతి విప్పి చెప్పనిదే ఎవరికీ పత్రం ఇచ్చేవాణ్ణి కాదు.

ఆ హద్దు ఎంతంటే, 1977లో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పంటల ఉప్పు ఓర్పుకు ఒక పట్టిక వేశారు. అందులో శెనక్కాయ 3.2 డెసీ సైమన్ల దాకా దిగుబడి తగ్గకుండా ఓర్చుకుంటుంది. అక్కణ్ణుంచి ఒక్కొక్క అంకె పెరిగేకొద్దీ దిగుబడి 29 శాతం చొప్పున పడిపోతుంది. తర్వాతి పరీక్షల ప్రకారం పొద్దుతిరుగుడు 4.8 దాకా ఓరుస్తుంది, ఆ పైన కూడా అంకెకు 5 శాతమే తగ్గుతుంది. అంటే నేలలో 5.2 ఉంటే పొద్దుతిరుగుడు రైతుకు నష్టం కంటికి కనపడదు, పక్కనే శెనక్కాయ వేసినాయన సగానికి పైగా పోగొట్టుకుంటాడు. ఆవజాతి పైర్లు ఇంకా గట్టివి. 1969లో మొదలైన కర్నాల్ లవణీయ నేలల పరిశోధన సంస్థ సి.ఎస్.-52, సి.ఎస్.-54, సి.ఎస్.-56 అని ఉప్పు నేలలకోసమే ఆవాల రకాలు తెచ్చింది. మా దగ్గర ఆవాలు రాగి చేలో సాళ్ళ మధ్య పంటే, దాని మీద బతికేవాళ్ళు లేరు. మాకున్న నూనెగింజ అంటే శెనక్కాయే. అప్పట్లో టి.ఎం.వి.-2, ఇప్పుడు కదిరి రకాలు. పట్టికలో చూస్తే ఉప్పుకు బాగా నలిగే నూనెగింజల్లో అదొకటి.

ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తే రైతులు నమ్మేవాళ్ళు కాదు. ‘మా నీళ్ళు తాగుతానే ఉండాం సార్, ఉప్పు యాడుంది?’ అనేవాళ్ళు. వాళ్ళ ముందే కాగితం మీద లెక్క వేసేవాణ్ణి. ఇ.సి. 1.5 ఉన్న నీళ్ళంటే లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము ఉప్పు. నాలుకకు పెద్దగా తెలియదు. ఎకరాకు రెండంగుళాల తడి పెడితే రెండు లక్షల లీటర్ల నీళ్ళు. అంటే ఒక్క తడికి దాదాపు 200 కిలోల ఉప్పు. నాలుగు మూటలు చేలో పోసినట్టు. నీళ్ళు ఆవిరై పోతాయి, ఉప్పు నేలలోనే ఉంటుంది. వాన బాగా కురిసి కిందికి కడిగేస్తే సరే, మా తాలూకులో అలాంటి వాన ఏటా రాదు. ఆ లెక్క చూశాక ఎవరూ ‘యాడుంది’ అని మళ్ళీ అడగలేదు.

ఆ ఉప్పు మొక్కను రెండు విధాల కొడుతుంది. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు బయటికి ఊరుతుంది కదా, వేరు చుట్టూ ఉప్పు చిక్కగా ఉన్నప్పుడు వేరుకు నీరు లోపలికి లాగడం అంత కష్టం. తడి ఉన్న చేలో మధ్యాహ్నం ఆకు వాలిపోవడం అందుకే. రెండోది మెల్లగా చేసే పని. సోడియం పొటాషియం దారిలో దూరుతుంది. క్లోరైడు నైట్రేటు దారిలో దూరుతుంది. నేలలో నత్రజని ఉన్నా క్లోరైడు అడ్డం పడి వేరుకు అందనివ్వదు. శెనక్కాయ తన వేరుబుడిపెల్లో గాలిలోని నత్రజనిని తానే పట్టుకునే పైరు. ఆ బుడిపెలు కట్టే బ్యాక్టీరియా ఉప్పుకు అంత త్వరగా చావదు, బుడిపె కట్టే పని మాత్రం ఉప్పు పెరిగితే మొక్కకంటే ముందే ఆగిపోతుంది. చౌడు తగిలిన చేలో మొక్క పీకి చూపిస్తే రైతుకే తెలిసేది: వేరు నున్నగా ఉంటుంది, బుడిపెలు అక్కడొకటి ఇక్కడొకటి.

అందువల్ల ఉప్పు నేలలో నత్రజని కొరత నిజంగానే ఉంటుంది. ఇక్కడే రైతుది పూర్తిగా తప్పు అనలేను. ప్రపంచంలో చాలాచోట్ల ఆవ, పొద్దుతిరుగుడు పైర్ల మీద చేసిన పరీక్షల సారం కూడా ఇదే: ఉప్పు కొంచెమే ఉన్నప్పుడు తగుమాత్రం నత్రజని మొక్కను నిలబెడుతుంది. ఉప్పును తట్టుకోడానికి మొక్క తన కణాల్లో ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ అనే పదార్థాలు తయారుచేసుకుంటుంది, వాటి తయారీకి నత్రజని కావాలి. నైట్రేటు రూపంలో అందితే క్లోరైడును కొంత వెనక్కు నెడుతుంది కూడా. ఉప్పు మితిమీరినప్పుడు మాత్రం ఎంత వేసినా లాభం లేదు, వేసిందే ఇంకో ఉప్పు అవుతుంది. ఎరువులకు ఉప్పు సూచిక అని ఒక కొలత ఉంది. సోడియం నైట్రేటును 100 అనుకుంటే యూరియా 75 దగ్గర, అమ్మోనియం సల్ఫేటు 69 దగ్గర, ఎర్ర పొటాష్ 116 దగ్గర ఉంటాయి. డి.ఎ.పి. 34, జిప్సం 8. వాలిపోయిన చేని మీద రెండు మూటల యూరియా చల్లడమంటే వేరు చుట్టూ ఉన్న చిక్కదనాన్ని ఇంకా పెంచడమే. పైగా ఉదజని సూచిక 8 దాటిన నేల మీద యూరియాను పైపైన చల్లి వదిలితే చాలా పాలు అమ్మోనియా అయి గాలిలో కలుస్తుంది. డబ్బు ఇచ్చి కొన్నది చేలో నిలవదు.

శెనక్కాయకు కావాల్సిన నత్రజని ఎంతో చూడండి. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వానాధార శెనక్కాయకు చెప్పేది హెక్టారుకు 25 కిలోలు, అంటే ఎకరాకు 10. ఒక డి.ఎ.పి. మూటలో 9 కిలోలు ఉంటుంది. మూట డి.ఎ.పి. దుక్కిలో వేసిన రైతుకు ఇంక యూరియా పని దాదాపు లేనట్టే. మా దగ్గర ఎక్కువమంది డి.ఎ.పి. వేస్తారు, తర్వాత యూరియా చల్లుతారు, టొమేటో కోసిన చేలోనైతే అంతకుముందు పైరుకు వేసిన ఎరువు మిగులు కూడా ఉంటుంది. ఆకు గుబురుగా పెరుగుతుంది, ఊడలు ఆలస్యమవుతాయి, కాయ తగ్గుతుంది. నత్రజని ఎక్కువైతే గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది, గానుగ దగ్గర అది తెలుస్తుంది. ఉప్పు కూడా నూనెను తగ్గించేదే. రెండూ కలిస్తే చింతామణి మార్కెట్‌లో పిడికెడు కాయలు ఒలిచి చూసే వ్యాపారి ముందు రైతు తల దించుకోవాల్సి వస్తుంది. అది చూడ్డం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది.

నీళ్ళలోనే నత్రజని ఉండొచ్చన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఊరి నడుమ బోర్లలో, పేడదిబ్బల పక్క బోర్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటడం మా తాలూకుల్లో కొత్త కాదు. తాగేనీటికి హద్దు ఆ 45. అందులో అసలు నత్రజని 10 మిల్లీగ్రాములు. నేను చెప్పిన ఆ రెండంగుళాల తడికి అది 2 కిలోలు అవుతుంది. అయిదు తడులు పెడితే శెనక్కాయకు కావాల్సిన 10 కిలోలూ బోరే ఇచ్చేసింది. 2018 జూన్‌లో కోలారు పక్క లక్ష్మీసాగర చెరువుకు బెంగుళూరు శుద్ధిచేసిన మురుగునీరు కె.సి. వ్యాలీ పథకంలో చేరింది, చింతామణి తాలూకు చెరువులూ ఆ పథకంలో ఉన్నాయి. చిక్కబళ్ళాపురం వైపు హెచ్.ఎన్. వ్యాలీ పథకంలో అలాంటి నీళ్ళే వస్తున్నాయి. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని రైతు సంఘాలు పోరాడుతున్నాయి. వాళ్ళ మాట నాకు న్యాయంగానే తోస్తుంది. అది జరిగేదాకా ఆ చెరువుల ఆయకట్టులో, వాటి పక్క బోర్ల కింద సేద్యం చేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: అలాంటి నీళ్ళలో ఉప్పూ ఉంటుంది, నత్రజనీ ఉంటుంది. పాత అలవాటు ప్రకారం యూరియా లెక్క కట్టకూడదు.

ఇప్పుడు పసుపు సంగతి. గూళూరు వైపు నుంచి ఒక అక్క మొక్కలు చేతబట్టుకొని వచ్చింది. ‘రెండుసార్లు యూరియా ఏసినాము నాయనా, ఇంకా తెల్లగా అయితాంది’ అంది. మొక్క పైనున్న లేత ఆకులు పసుపు దాటి తెలుపుకు తిరిగున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కింది ముదురాకులు చక్కగా పచ్చగానే ఉన్నాయి. నీళ్ళు పరీక్ష చేస్తే బైకార్బనేట్లు మెండుగా తేలాయి. అది ఇనుము కొరత. నేలలో ఇనుముంటుంది, మా ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుముతో. బైకార్బనేటు నీళ్ళు దాన్ని మొక్కకు దక్కనివ్వవు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యమన్నాను, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. రెండో పిచికారీకి లేతాకు తేరుకుంది.

నత్రజని కొరతైతే పసుపు కిందినుంచి మొదలవుతుంది. మొక్క ముదురాకులోని నత్రజనిని తీసి లేతాకుకు పంపుకుంటుంది గనక ముదురాకు ముందు పాలిపోతుంది, ఆకంతా ఒకే తీరుగా. ఉప్పు దెబ్బైతే ముదురాకు అంచులు గోధుమరంగుకు మాడుతాయి, మాడు అంచునుంచి లోపలికి నడుస్తుంది, చేను మొత్తం కాకుండా పల్లం చోట్ల, కాలువ చివర, డ్రిప్ చుక్క పడేచోటుకు జానెడు దూరంలో తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. ఈ మూడింటినీ వేరు చెయ్యడానికి ఏ మీటరూ అక్కర్లేదు. చేలో వంగి, మొక్కను కిందినుంచి పైకి చూడాలి. మా దగ్గర అందరూ గట్టు మీద నిలబడి చేను రంగు చూస్తారు. గట్టు మీదికి మూడు జబ్బులూ ఒకే పసుపు.

శెనక్కాయలో ఇంకో ప్రత్యేకత ఉంది. ఊడ నేలలోకి దిగి కాయ అయ్యేటప్పుడు దానికి కావాల్సిన కాల్షియం వేరునుంచి రాదు, కాయ తన చుట్టూ ఉన్న మట్టినుంచే పీల్చుకోవాలి. ఆ మట్టిలో సోడియం నిండి ఉంటే కాల్షియం దొరక్క లొట్టకాయలు మిగులుతాయి. పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా కాయలో గింజ ఉండదు. పూత మొదలయ్యాక, ఊడలు దిగే ముందు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదొయ్యమనేది ఇందుకే. జిప్సంలోని కాల్షియం సోడియంను పక్కకు తోస్తుంది, గంధకం నూనెకు పనికొస్తుంది. యూరియాకు పెట్టే డబ్బులో కొంత జిప్సంకు పెట్టమని ఎంతమందికి చెప్పానో. విన్నవాళ్ళు మరుసటేడు మళ్ళీ జిప్సం ఎక్కడ దొరుకుతుందని అడగడానికి వచ్చేవాళ్ళు. ఆ రావడమే నాకు పరీక్షాఫలితం.

ఉప్పు బోరు ఉన్నవాళ్ళు సేద్యం మానాలని నేను చెప్పను. ఉన్న మంచినీళ్ళను ఎప్పుడు వాడాలన్నది ముఖ్యం. మొలక దశ, పూత, ఊడ దిగే దశ ఉప్పుకు అస్సలు ఓర్చవు. కృషి భాగ్య పథకం కింద తవ్వుకున్న హొండలో, అంటే చేని కుంటలో, వాన నీళ్ళుంటే ఆ మూడు దశలకూ దాచుకోవాలి, లేదా బోరు నీళ్ళలో సగం సగం కలిపి పారించాలి. డ్రిప్ ఉన్నవాళ్ళు చిన్న జల్లు పడుతుంటే మోటరు ఆపేస్తారు, ఆపకూడదు. చుక్క అంచున పేరుకున్న ఉప్పును ఆ జల్లు వేర్ల దగ్గరికే కరిగించి తెస్తుంది. చెరువు మట్టి, పశువుల ఎరువు తోలితే నేల గుల్లబారి వాన నీరు ఉప్పును కిందికి తీసుకుపోతుంది. నత్రజని వెయ్యాల్సి వస్తే ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, తడి పెట్టే ముందు మట్టిలో కలిసేట్టు వెయ్యాలి. ఇంత చేసినా నీళ్ళ ఇ.సి. 3 దాటిన బోరు కింద శెనక్కాయ వెయ్యొద్దనే చెప్తాను. పొద్దుతిరుగుడు వెయ్యండి. 1980లో దేశంలోనే తొలి పొద్దుతిరుగుడు సంకరజాతి బి.ఎస్.హెచ్.-1 వచ్చింది మన బెంగుళూరు విశ్వవిద్యాలయం నుంచే. మన నేలలకు ఆ పైరు పరాయిది కాదు.

ఈ ఎండాకాలం, ఏప్రిల్ మే నెలల్లో, నీళ్ళలో ఉప్పు ఎక్కువగా తేలే రోజుల్లోనే మీ బోరు నీళ్ళు పరీక్షకు పంపండి. మోటరు పావుగంట పారించాక పట్టండి. ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా మూతదాకా నింపండి. మందుల డబ్బాలూ ఎరువుల డబ్బాలూ వాడొద్దు. సర్వే నంబరు, బోరు లోతు, కిందటి పైరు ఏమిటో చీటీ రాసి అంటించి, మరుసటి రోజులోగా చేర్చండి. హోబళిలోని రైతు సంపర్క కేంద్రంలో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. ఇ.సి., బైకార్బనేట్లు, నైట్రేటు మూడూ చూడమని నోరు తెరిచి అడగండి, అడక్కపోతే మూడోది చూడకపోవచ్చు. ఆ కాగితం చేతికి వచ్చాక, యూరియా ఎన్ని కిలోలో అప్పుడు నిర్ణయించుకోండి.